ఆయిల్ పామ్ మానులో తీపి

కొట్టేసిన ఆయిల్ పామ్ మానును అడ్డంగా కోస్తే కోత నుంచి నీళ్లు కారతాయి. టేకులో ఉండే వలయాలు ఇందులో కనిపించవు, తాటిమానులో లాగా నారకట్టల చుక్కలే ఉంటాయి. అంచున అవి ఒత్తుగా ఉండి చెక్క గట్టిగా తగులుతుంది. నడిమికి వెళ్లేకొద్దీ పలచబడి మెత్తటి గుజ్జు వస్తుంది. దుంగ బరువులో 70 నుంచి 80 శాతం నీరే. అందుకే అది మంచి కలప కాదు. కానీ ఆ నీరు తియ్యగా ఉంటుంది.

చెట్టు 10 మీటర్లు దాటితే గెల కోయడం కష్టం. అందుకని 25–30 ఏళ్లకు తోట తీసేస్తారు. హెక్టారుకు సుమారు 140 మానులు ఒక్కసారే నేలకూలతాయి. 1997లో ఇండోనేసియా మంటల పొగ ఆగ్నేయాసియాను కమ్మేశాక, 1999లో ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాలు తోటలు తగలబెట్టకూడదన్న విధానం తెచ్చాయి. ఇక ముక్కలు చేసి తోటలోనే వదిలేస్తే, కుళ్లే కుప్పల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, మొదలు కుళ్లు తెచ్చే గానోడెర్మా బూజు కొత్త మొక్కలకు పాకుతుంది. గోదావరి జిల్లాల్లో 1990ల మొదట్లో వేసిన తోటలకూ ఇప్పుడు ఆ వయసు దాటింది.

2010లో జపాన్ పరిశోధకులు మలేసియా మానుల నడిమి రసంలో లీటరుకు సుమారు 85 గ్రాముల చక్కెర ఉందని చూపారు. అందులో అధికభాగం గ్లూకోజే. దుంగను కోయకుండా నెల రోజులు నిల్వ ఉంచితే అది 150 గ్రాముల దాకా పెరిగింది. పిండిపదార్థం చక్కెరగా విడిపోవడమే కారణమని భావిస్తున్నారు. ఇంకా ఆలస్యమైతే కుళ్లు మొదలై తీపి తగ్గిపోతుంది.

దుంగను నేరుగా గానుగలో పెట్టలేం. ముందు తురమాలి. మానులోని సిలికా (ఇసుకలో ఉండే గట్టి ఖనిజం) వల్ల కత్తులు త్వరగా మొద్దుబారతాయి. తీసిన రసాన్ని ఆ పూటే మరిగించాలి, లేదంటే కల్లులాగే తనంతట తానే పులిసి చక్కెర చేజారుతుంది. 100 లీటర్ల రసంలో 8 కిలోల చక్కెర ఉందనుకుంటే, ఈస్ట్ దాన్ని గరిష్ఠంగా 4.1 కిలోల ఇథనాల్‌గా, అంటే సుమారు 5 లీటర్లుగా మారుస్తుంది. మిగతా బరువు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అదే చక్కెరను బ్యాక్టీరియాతో లాక్టిక్ ఆమ్లంగా (పెరుగుకు పులుపునిచ్చేది) మారిస్తే ఆ నష్టం లేదు, లెక్క ప్రకారం 8 కిలోలకు 8 కిలోలు. కంపోస్టులో విచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్‌కు ఇదే ముడిసరుకు, అందుకే మా ఓటు దీనికే. అయితే ఆమ్లం పేరుకుంటే బ్యాక్టీరియా పని ఆపేస్తుంది కాబట్టి సున్నపురాయి పొడి వేస్తూ ఉండాలి. చివర్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విడదీసినప్పుడు కిలో లాక్టిక్ ఆమ్లానికి దాదాపు కిలో జిప్సం మిగులుతుంది. దాన్ని ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి.

మిగిలిన పిప్పి నారలో ఉండే జైలోజ్ అనే చక్కెరను పలచని ఆమ్లంతో 170 డిగ్రీల దగ్గర ఉడికిస్తే ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయన ద్రవం వస్తుంది. రెజిన్లకు, ద్రావకాలకు అది కావాలి. పుట్టిన వెంటనే ఆవిరితో బయటికి లాగకపోతే తనలో తానే కలిసి నల్లటి జిగురై పాత్రకు అంటుకుంటుంది. రసాన్నీ పిప్పినీ కలిపి ఉడికించడం పెద్ద పొరపాటు, ఫర్‌ఫ్యూరాల్ ఈస్ట్‌కు విషం. ముందు పిండాలి, తర్వాతే ఉడకబెట్టాలి.

మానులో పొటాష్ కూడా బాగా ఉంటుంది. పులియబెట్టాక మిగిలిన నీటిని, ఆమ్లం లేని దాన్ని, తోటకే తిరిగి పారించాలి, లేకపోతే ఆ పొటాష్‌ను రైతు మళ్లీ బస్తాల్లో కొనాల్సి వస్తుంది.