రైళ్లు ఆగినా తప్పకూడని ఇంజెక్షన్

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కూ, నగరంలోని మిగతా ఆసుపత్రులకూ వచ్చిపోయే తెలుగు రోగులకు దారి మూసుకుపోయింది. కీమో ఆగితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. హార్మోన్ ఇంజెక్షన్ ఆలస్యమైతే ఒంట్లో ఏమీ తెలియదు. అసలు ప్రమాదం అదే.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే హార్మోన్ ఇంజెక్షన్లు గోసెరెలిన్, ల్యూప్రోలైడ్ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిని ముందు రెచ్చగొట్టి, తర్వాత మొద్దుబారుస్తాయి. మూడు నాలుగు వారాల్లో, ఈ కణితికి మేత అయిన మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపుకు దిగుతుంది. మందు అయిపోతే గ్రంథి మేల్కొంటుంది, కణితికి మళ్లీ మేత దొరుకుతుంది.

28 రోజులకోసారి వేసే 3.6 మిల్లీగ్రాముల గోసెరెలిన్‌కు బదులు 12 వారాలు పనిచేసే 10.8 మిల్లీగ్రాములది ఉంది. ల్యూప్రోలైడ్‌లో ఆరు నెలలది కూడా దొరుకుతుంది. మగవాళ్లకు మహమ్మారి కాలంలో ఇలా మార్చడమే మేలు. ఏడాదికి 13 ప్రయాణాలు నాలుగైదుకు తగ్గుతాయి. అయితే నెల ఇంజెక్షన్లు మూడు ఒకేసారి వేయించుకుంటే మూడు నెలలు రావు. మందు ఎంత మెల్లగా విడుదలవ్వాలన్నది దాన్ని పట్టి ఉంచే, ఒంట్లో మెల్లగా కరిగే పదార్థాన్ని (పాలిమర్‌ను) బట్టి ఉంటుంది, కాబట్టి మూడూ ఆ నెలలోనే ఖర్చైపోతాయి. గోసెరెలిన్‌ను 25 డిగ్రీల లోపు ఉంచాలి. ఏప్రిల్ ఎండలో నెల్లూరుకు తెప్పించుకుంటే చల్లటి పెట్టె తప్పనిసరి.

నెలసరి ఇంకా ఆగని వయసులో, అండాశయాలను అణిచే గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్‌తో పాటు, ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే లెట్రోజోల్ మాత్ర వాడే రొమ్ము క్యాన్సర్ రోగుల విషయం వేరు. ఇంజెక్షన్ ఆలస్యమై అండాశయాలు మళ్లీ పనిచేయడం మొదలుపెడితే, ఆ ఈస్ట్రోజెన్ వరదను లెట్రోజోల్ ఒక్కటే ఆపలేదు. వీళ్లకు 28 రోజులదే నమ్మదగినది. దగ్గర్లోని ఆసుపత్రిలోనైనా వేయించుకోవాలి.

నెలసరి ఆగిపోయిన, హార్మోన్ గ్రాహకాలున్న (అంటే హార్మోన్‌ను అందుకుని పెరిగే) రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ వాయిదా పడితే, రోజుకు 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్‌తో కొన్ని నెలలు కణితిని అదుపులో ఉంచవచ్చు. కోవిడ్ రోజుల్లో చాలామంది వైద్యులు ఈ దారే పట్టారు.

కోవిడ్ వస్తే రెండు జాగ్రత్తలు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మాత్ర టామోక్సిఫెన్, కోవిడ్ రెండూ రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి. కాలు వాచినా, ఆయాసం వచ్చినా ఆ మాత్ర వాడుతున్నామని డాక్టరుకు ముందే చెప్పాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్ర అబిరాటెరోన్‌తో ఇచ్చే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్‌ను సొంతంగా ఆపకూడదు. దానికి అలవాటుపడిన అడ్రినల్ గ్రంథులు (మూత్రపిండాల పైన ఉండేవి) జ్వరం వేళ కావలసినంత కార్టిసాల్, అంటే ఒంటిని తట్టుకునేలా చేసే హార్మోన్, ఇవ్వలేవు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు.