గిన్నెలోంచి పది చుక్కలు

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, పస్కా అంటే ఏంటి?" అని అడిగారు. అన్నం చల్లారిపోతోందని మీ అమ్మమ్మ కేకేసేసరికి సగంలో ఆపేశాను. మిగతాది రాస్తున్నా.

యూదులు దీన్ని పెసహ్ అంటారు. ఈజిప్టులో ఇటుకలు చేస్తూ బానిసలుగా బతికిన తమ పూర్వీకుల్ని దేవుడు విడిపించాడని వాళ్ళ నమ్మకం. ఈజిప్టు మీదికి వచ్చిన పది తెగుళ్ళలో, అంటే పది ఘోరమైన ఆపదల్లో, ఆఖరిది వచ్చిన రాత్రి, ద్వారబంధాలకు గొర్రెపిల్ల రక్తం పూసిన ఇళ్ళను చావు దాటిపోయిందట. పండుగ పేరు అందులోంచే వచ్చింది. వసంతకాలంలో, నీసాను నెల పున్నమి రాత్రి, ఇంటిల్లిపాదీ సేదెర్ అనే విందుకు కూర్చుంటారు. గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, తెలుసా? బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్ళని.

విందులో ఈ విడుదల కథ చెప్పడం మొదలయ్యేది మీలాంటి పిల్లల ప్రశ్నతోనే. అందరిలోకీ చిన్నవాడు "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా లేదేం?" అని అడగాలి. జవాబు పళ్ళెంలోనే ఉంటుంది. మాట్సా అనే పులియని రొట్టెను, పిండిలో నీళ్ళు పడ్డ 18 నిమిషాల్లోపే కాల్చేయాలి. మన ఇడ్లీ పిండికి రాత్రంతా కావాలి కదా, పాపం ఈజిప్టు వదిలి హడావిడిగా బయల్దేరిన వాళ్ళకి ఆ రాత్రి పిండి పులిసేదాకా ఆగే వీల్లేకపోయింది. చేదు ఆకులు బానిస బతుకుకి గుర్తు, ఉప్పునీళ్ళు కన్నీళ్ళకి. హరోసెత్ అని ఇంకోటి, పళ్ళూ గింజలూ కలిపి నూరిన తియ్యటి ముద్ద. చూడ్డానికి మాత్రం ఇటుకల అడుసులా ఉంటుంది!

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. పది తెగుళ్ళనూ పైకి చదువుతారు. రక్తం, కప్పలు, పేలు... ఒక్కో పేరుకీ ద్రాక్షారసం గిన్నెలో వేలు ముంచి ఒక చుక్క పళ్ళెంలో విదిలిస్తారు. ఆ గిన్నె వాళ్ళ సంతోషం. మన విడుదల కోసం ఈజిప్టువాళ్ళు ఏడ్చారు, కాబట్టి మన సంతోషం ఆ మేరకు తగ్గాలి అని చాలామంది చెప్పే అర్థం. తాల్మూదు అనే యూదుల పాత గ్రంథంలోనూ ఒక కథ ఉంది. పారిపోతున్న బానిసల్ని తరుముకొచ్చిన ఈజిప్టు సైన్యం సముద్రంలో మునిగిపోతుంటే దేవదూతలు పాట అందుకోబోయారట. "నా చేతులతో చేసినవాళ్ళు మునిగిపోతుంటే మీకు పాటలా?" అని దేవుడు ఆపేశాడట. తనవాళ్ళను కాపాడుతూనే అవతలివాళ్ళ కోసం బాధపడ్డాడన్నమాట.

పస్కా వారంలో వచ్చే శనివారం చాలా సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థనా మందిరాల్లో, బైబిల్లోని పరమగీతం చదువుతారు. అదొక ప్రేమ పాట. చలికాలం పోయింది, వాన వెలిసింది, లేచి రా అని ప్రియుడు పిలుస్తుంటాడు. ఆ పిలిచేది దేవుడనీ, పిలుపు తమకేననీ రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, చెప్పారు. పారిపోయి వచ్చిన బానిసల్ని అలా పిలవడం నాకైతే భలే అనిపిస్తుంది.

అన్నట్టు, సేదెర్‌లో ఒక మాట్సా ముక్క దాచిపెడతారు. దాని పేరు అఫికోమన్. పిల్లలు దాన్ని వెతికిపట్టుకుని, బహుమతి ఇస్తేగానీ ఇవ్వమంటారు. అది తినందే విందు పూర్తికాదు, పెద్దవాళ్ళకి ఒప్పుకోక తప్పదు. ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించకండి.

మీ
తాతయ్య