ఫుల్ స్క్రీన్‌ను ఎత్తు కొలిచి పట్టలేం: కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో ఆండ్రాయిడ్ యాప్‌లు చేస్తుంటాను. ఫుల్ స్క్రీన్ విషయంలో కొత్త డెవలపర్లు చేసే తప్పులన్నీ ముందు నేను చేసినవే.

అపోహ: యాప్ ఎత్తు, స్క్రీన్ ఎత్తు సమానమైతే ఫుల్ స్క్రీన్‌లో ఉన్నట్టే.

వాస్తవం: మిర్చి ధరలు, వీడియోలు చూపే మా యాప్‌లో ఈ లెక్కే పెట్టాం. ఏనుమాముల మార్కెట్ నుంచి ఒక అడ్తి వ్యాపారి ఫోన్ చేసి, "తమ్మీ, వీడియో పెద్దగైతది గని మళ్ల చిన్నగ చేసే బటన్ వస్తలేదు" అన్నాడు. నా ఫోన్‌లో బాగానే ఉంది. వెళ్లి చూస్తే ఆయన స్క్రీన్‌ను రెండుగా చీల్చి పైన వాట్సాప్, కింద మా యాప్ పెట్టుకున్నాడు. ధర వాట్సాప్‌లో మాట్లాడుకుంటూనే వీడియో చూస్తాడట! వీడియో మా సగమంతా నిండినా, కోడ్ మాత్రం "ఎత్తు సగమే, ఇది ఫుల్ స్క్రీన్ కాదు" అనుకుని మళ్లీ పెద్దది చేసే బటనే చూపిస్తోంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన (అంటే ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు తయారైన) యాప్, ఆ వెర్షన్ ఫోన్లలో గడియారం, బ్యాటరీ ఉండే పట్టీ వెనక దాకా మామూలుగానే పరుచుకుంటుంది. ఎత్తు సమానమే, పట్టీ మాత్రం కనబడుతూనే ఉంటుంది.

అసలు ఇవి రెండు ప్రశ్నలు. ప్లేయర్ పెద్దదైందా? అది మన కోడ్ చేసిన పనే, ఒక వేరియబుల్‌లో గుర్తు పెట్టుకుంటే చాలు. సిస్టమ్ బార్లు (పైన గడియారం పట్టీ, కింద నావిగేషన్ పట్టీ) దాగాయా? అది విండో ఇన్‌సెట్స్‌ను, అంటే ఆ బార్లు మన విండోలో ఎంత చోటు తీసుకున్నాయో ఆండ్రాయిడ్ చెప్పే లెక్కను, అడగాలి.

అపోహ: బార్లు దాచమని చెప్పాం కాబట్టి దాగినట్టే.

వాస్తవం: స్ప్లిట్ స్క్రీన్‌లో సిస్టమ్ మన మాట వినకపోవచ్చు. బార్లు దాచడానికి వాడే పాత సిస్టమ్ యూఐ ఫ్లాగులైతే 2020లో ఆండ్రాయిడ్ 11తోనే డెప్రికేట్ అయ్యాయి (ఇక వాడొద్దని పక్కన పెట్టేశారు), అయినా ఇంకా కాపీ అవుతూనే ఉన్నాయి. ఇంకొకటి: స్వైప్ చేస్తే కాసేపు కనబడి పోయే బార్ల గురించి యాప్‌కు కబురు రాదు. దాని మీద ఆధారపడి ఏ లాజిక్కూ రాయకండి.

అపోహ: వెబ్‌వ్యూలో (యాప్ లోపలే వెబ్ పేజీ చూపే భాగంలో) వీడియో ఫుల్ స్క్రీన్ దానంతటదే అవుతుంది.

వాస్తవం: కాదు. వెబ్‌వ్యూకు తగిలించే వెబ్‌క్రోమ్‌క్లయింట్ క్లాస్‌లో ఆన్‌షోకస్టమ్‌వ్యూ, ఆన్‌హైడ్‌కస్టమ్‌వ్యూ అనే రెండు ఫంక్షన్లూ మనమే రాయాలి. ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లిందీ, బయటికొచ్చిందీ అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: వేరే యాప్ ఫుల్ స్క్రీన్‌లో ఉందో లేదో కూడా పట్టేయొచ్చు.

వాస్తవం: మామూలు యాప్‌కు అది నేరుగా చెప్పే ఏపీఐ (ఆండ్రాయిడ్‌ను కోడ్‌తో అడిగే దారి) లేదు. కంటికి కనబడని సన్న ఓవర్‌లే (వేరే యాప్‌ల మీద తేలే విండో) పెట్టి దాని ఎత్తు చూసేవాళ్లున్నారు. అంటే, మళ్లీ ఎత్తు కొలవడమే.