గ్రామీణ బ్యాంకు బదిలీల గొడవ వెనక 1990 నాటి తీర్పు

కడప జిల్లాలో ఒక చిన్న ఊరి గ్రామీణ బ్యాంకు శాఖ. పాత ఖాతాదారుల ఇళ్లలో దాని పాస్‌బుక్కులు మూడు పేర్లతో దొరుకుతాయి. 2006 దాకా రాయలసీమ గ్రామీణ బ్యాంకు, తర్వాత ఆంధ్రప్రగతి, 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు.

ఇప్పటి టెన్షన్ మూడో పేరుతో వచ్చింది. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటయ్యాయి. ప్రధాన కార్యాలయం అమరావతి, స్పాన్సర్ (వాటా పెట్టి వెనక నిలిచే వాణిజ్య బ్యాంకు) యూనియన్ బ్యాంకు. ఉమ్మడి జిల్లాల లెక్కన ఐదు జిల్లాల ఆంధ్రప్రగతిలో చేరిన మనిషికి ఇప్పుడు శ్రీకాకుళం దాకా పరిధి. బదిలీ ఎంత దూరం, నాలుగు బ్యాంకుల సీనియారిటీ ఎలా కలుపుతారు అన్నవే శాఖల్లో మాటలు.

బ్యాంకు ఒకటైతే పరిధీ ఒకటే, వాణిజ్య బ్యాంకుతో సమానంగా జీతం తీసుకుంటున్నప్పుడు బదిలీలూ అలాగే ఉంటాయి అన్నది బదిలీలను సమర్థించేవారి వాదన. ఆ సమాన జీతం ఎలా వచ్చిందో చూస్తే ఈ వాదన అంత తేలిగ్గా నిలబడదు.

1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టినప్పుడు ఆలోచన సూటిగా ఉంది: స్థానికులు, తక్కువ ఖర్చు. అందుకే సిబ్బంది జీతాలను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాలతో పోల్చి నిర్ణయించారు. అవే పంట రుణాలు, అవే లెడ్జర్లు, అదే వసూళ్ల తిరుగుడు, అయినా పక్క వీధి వాణిజ్య బ్యాంకు క్లర్కు కంటే తక్కువ జీతం.

దీన్ని మార్చింది ఉద్యోగుల, యాజమాన్యాల వివాదాలు తేల్చే జాతీయ పారిశ్రామిక ట్రిబ్యునల్. గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎస్. ఓబుల్ రెడ్డి 1990 ఏప్రిల్ 30న అవార్డు, అంటే తీర్పు, ఇచ్చారు. స్పాన్సర్ బ్యాంకు సిబ్బందితో సమానంగా, 1987 సెప్టెంబరు 1 నుంచి జీతాలు ఇవ్వాలన్నారు. నా దృష్టిలో ఇప్పటి గొడవకు మూలం అక్కడే ఉంది. ఆ సమానత్వం, చేసే పనిని చూసి ఇచ్చింది. ఊళ్లు తిరిగేందుకు ఒప్పుకున్నారని ఇచ్చింది కాదు.

పైగా అది ఒక్కసారిగా చేతికి రాలేదు. తర్వాతి వేతన సవరణలను నష్టాల పేరుతో ఆపితే, నష్టాలు కారణం కావని 2001లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వాణిజ్య బ్యాంకుల పెన్షన్ నిబంధనలు 1995లోనే వచ్చాయి. గ్రామీణ బ్యాంకుల సిబ్బందికి 2018లో, అదీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక. 2010 మార్చి 31 తర్వాత చేరినవారికి ఆ పెన్షన్ లేదు. ఒకే శాఖలో పక్కపక్క కౌంటర్లలో ఉన్న ఇద్దరికి రెండు రకాల రిటైర్మెంట్లు.

స్థానికులని చెప్పి ఏళ్ల తరబడి తక్కువ జీతమిచ్చారు. ఇప్పుడు స్థానికత లెక్కలోకి రాదంటే సిబ్బందికి కోపం రాదా? నలుగురైదుగురితో నడిచే శాఖలో, ఏ రైతు పట్టాదారు పాస్‌బుక్కు ఎవరి పేరు మీద ఉందో చూడకుండా చెప్పగలిగిన మనిషి వెళ్లిపోతే, రుణం రెన్యువల్ కోసం వచ్చే ఆ రైతు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.