కీచురాళ్లు పుట్టించిన పట్టా

బ్రెజిల్‌లో దొంగ పత్రాలతో భూమి కాజేయడాన్ని ‘గ్రిలాజెమ్’ అంటారు. పోర్చుగీసు భాషలో ‘గ్రీలో’ అంటే కీచురాయి. అప్పుడే రాసిన నకిలీ దస్తావేజును కీచురాళ్లున్న పెట్టెలో వేసి కొన్నాళ్లు మూత పెట్టి ఉంచేవారని చెబుతారు. అవి అంచులు కొరికి, మరకలు చేసి, కాగితాన్ని పసుపు పచ్చగా మార్చేవి. బయటికి తీస్తే తాతల నాటి పత్రమే అనిపించేది. దాన్ని చేతపట్టుకుని అడవిలోకి వెళ్లి, ఈ నేల మాదే అనేవారు.

అమెజాన్‌లో ఇప్పుడు కీచురాళ్లతో పనిలేదు. అంతకంటే బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. చెట్లు కొట్టి, ఎండిన తర్వాత తగలబెట్టి, గడ్డి విత్తనాలు చల్లి, కొన్ని పశువులను తోలితే చాలు, అది సాగులో ఉన్న భూమి కింద లెక్క. అడవి కొట్టడమంటే భూమిని బాగుచేయడమేనని అక్కడి ప్రభుత్వ విధానాలు దశాబ్దాల పాటు భావించాయి. నిలబడి ఉన్నంతకాలం అడవికి దిక్కులేదు, నేలకూలగానే యజమాని పుట్టుకొస్తాడు. 2009లో వచ్చిన ఒక చట్టం 2004 డిసెంబర్ 1కి ముందు అమెజాన్‌లో ఆక్రమించిన ప్రభుత్వ భూములను క్రమబద్ధీకరించుకోవడానికి వీలు కల్పించింది. 2017లో మరో చట్టం ఆ గడువును 2008 జులైకి జరిపింది. ఒకసారి జరిగిన గడువు మళ్లీ జరుగుతుందని రంపం పట్టినవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అడవుల నరికివేత అనగానే మనకు కలప, సోయా, గొడ్డుమాంసం గుర్తుకొస్తాయి. అవన్నీ నిజమే. కానీ వాటి వెనక ఒక పాత ప్రశ్న ఉంది: ఆ నేల మీద హక్కు ఎవరిది?

హక్కు అనే మాటను కాస్త విప్పి చూడాలి. అర్థశాస్త్రంలో 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఎడెల్లా ష్లాగర్‌తో కలిసి 1992లో దీన్ని ఐదు పాయలుగా విడదీశారు. నేలలోకి వెళ్లే హక్కు, అందులోని ఫలసాయం తెచ్చుకునే హక్కు, దాన్ని ఎలా వాడాలో నిర్ణయించే హక్కు, పరాయివారిని రానివ్వకుండా ఆపే హక్కు, చివరిది అమ్ముకునే హక్కు. సొంత భూమి అంటే మనకు మొదట తట్టేది చివరిదే. అమ్ముకోలేనిది సొంతమెలా అవుతుంది అంటాం. అడవి విషయంలో మాత్రం అసలు కీలకం నాలుగోదని నా నమ్మకం.

బ్రెజిల్ ఆదివాసీ ప్రాంతాలే ఇందుకు గట్టి ఉదాహరణ. అక్కడి 1988 రాజ్యాంగం ప్రకారం ఆ నేల యజమాని కేంద్ర ప్రభుత్వం. శాశ్వతంగా నివసించే హక్కు, ఫలసాయం అనుభవించే హక్కు మాత్రం ఆదివాసులకే చెందుతాయి. అమ్మడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. అయినా ఉపగ్రహ చిత్రాల్లో చాలాచోట్ల ఆ హద్దులు గీత గీసినట్టు కనిపిస్తాయి. గీతకు ఇవతల గోధుమ రంగు పచ్చిక బయళ్లు, అవతల చిక్కటి పచ్చదనం.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఆదివాసుల అడవులు ఎక్కువగా రోడ్లకు దూరంగా ఉంటాయి. దూరంగా ఉన్న అడవిని హక్కులున్నా లేకున్నా నరికేవాళ్లు తక్కువ. మరి అడవి మిగిలింది హక్కు వల్లా, దూరం వల్లా? దీన్ని తేల్చడానికి కాథ్రిన్ బరగ్వనాథ్, ఎల్లా బాయీ అనే పరిశోధకులు ఆ హద్దు గీతనే ప్రయోగశాలగా మార్చుకున్నారు. గీతకు ఆనుకుని ఇటూ అటూ ఉన్న నేలల్లో వానా, మట్టీ, రోడ్డు దూరమూ దాదాపు ఒకటే. మారేది హక్కు మాత్రమే. పైగా ఆ హక్కు ఒక్కరోజులో రాదు. గుర్తించడం, ప్రకటించడం, హద్దురాళ్లు పాతడం, చివరికి దేశాధ్యక్షుడి సంతకం, ఇలా ఏళ్ల తరబడి నడిచే తతంగం అది. 1982 నుంచి 2016 వరకు ఉన్న సమాచారాన్ని వాళ్లు జల్లెడ పట్టారు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఆఖరి సంతకం పడిన చోట హద్దు లోపల నరికివేత సుమారు మూడింట రెండు వంతులు తగ్గింది. ప్రక్రియ మధ్యలో ఆగిపోయిన చోట చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

ఈ రెండో ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పదేళ్లు తిరిగి, సర్వే చేయించుకుని, రాళ్లు పాతించుకున్న ఊరికి కూడా ఆ ఒక్క సంతకం లేకపోతే ఆక్రమణదారును ఆపే బలం రావడం లేదు. సంతకం ఉంటే పోలీసులను పిలవవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. అది లేనంతవరకు, ఈ భూమి ఇంకా ఎవరికీ ఖాయం కాలేదనే కబురు చుట్టుపక్కల పాకుతూనే ఉంటుంది.

అడవి మీద హక్కు ఊరి చేతికి రావడానికి ఆదివాసీ ప్రాంతమే కానక్కర్లేదు. నేపాల్ 1957లో ప్రైవేటు అడవులను జాతీయం చేసింది. కొండల్లో ఊళ్లు తమ కట్టుబాట్లతో కాపాడుకుంటున్న అడవులు కూడా కాగితం మీద ప్రభుత్వానివైపోయాయి. వాటిని కాయడానికి ప్రభుత్వానికి తగినంత మంది లేరు, ఊరివాళ్లకు అధికారం లేదు. కొండలు బోడిబారాయి. 1970ల చివర్లో దారి మార్చుకున్న ప్రభుత్వం, 1993 అటవీ చట్టంతో ఊళ్లలోని అటవీ వినియోగదారుల సంఘాలకు అడవిని అప్పగించడం మొదలుపెట్టింది. ఇప్పుడు అలాంటి సంఘాలు 22 వేలకు పైగా ఉన్నాయి. 1992లో దేశ విస్తీర్ణంలో 26 శాతం ఉన్న అడవి 2016 నాటికి 45 శాతానికి పెరిగింది. ఇందులో వలసల పాత్ర కూడా ఉంది. పనికోసం గల్ఫ్‌కూ మలేసియాకూ యువకులు వెళ్లిపోయాక కొండ చేలు బీడుపడి చెట్లు మొలిచాయి. అందుకే 2019లో వచ్చిన ఒక అధ్యయనం వాలు, ఎత్తు, జనాభా వంటివి సరిపోలే ప్రాంతాలనే పక్కపక్కన పెట్టి చూసింది. అలా చూసినా, ఊరి అడవులున్న చోట నరికివేత 37 శాతం తక్కువగా, పేదరికం 4.3 శాతం తక్కువగా తేలింది. అడవి పెరిగితే పేదల కడుపు మాడుతుందనే వాదన ఈ అంకెల ముందు నిలవదు.

పట్టా ఇస్తే చాలు, బ్యాంకు అప్పు పుడుతుంది, రైతు బాగుపడతాడు అన్న వాదన మాగాణి భూముల్లో చెల్లవచ్చు. అడవి అంచున అదే అప్పు రంపాలకూ ట్రాక్టర్లకూ పెట్టుబడి కావచ్చు.

మన దగ్గర పోడు భూముల గొడవ తెలియనివాళ్లు ఉండరు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13ను గడువు తేదీగా పెట్టి, ఆ నాటికి సాగులో ఉన్న భూమికి కుటుంబానికి పదెకరాల వరకు హక్కు ఇవ్వమంది. ఆ హక్కు వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచింది. అవి అందవలసిన పట్టాలే, ఆ కుటుంబాల ఎదురుచూపు చిన్నది కాదు. అయితే అదే చట్టంలో మరో హక్కు ఉంది. తరతరాలుగా కాపాడుకుంటున్న సామూహిక అడవిని సంరక్షించుకోవడానికీ, పెంచుకోవడానికీ, నిర్వహించుకోవడానికీ గ్రామసభకు ఇచ్చిన హక్కు అది. ఆస్ట్రమ్ చెప్పిన మూడో పాయా నాలుగో పాయా ఇందులోనే ఉన్నాయి. పోడు పట్టాల మీద జరిగినంత చర్చ, పోరాటం ఈ హక్కు మీద మన రెండు రాష్ట్రాల్లో జరగలేదు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

దాని సత్తా ఏమిటో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. తెలంగాణను ఆనుకుని, మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెంధా లేఖా అనే గోండుల ఊరుంది. ‘ఢిల్లీ ముంబై మావా సర్కార్, మావా నాటె మాటె సర్కార్’ అన్నది వాళ్ల నినాదం. ఢిల్లీలో, ముంబైలో ఉన్నది మా ప్రభుత్వం, మా ఊళ్లో మేమే ప్రభుత్వం అని అర్థం. గోండి రాని తెలుగువారికీ అందులోని ‘మా’ చెవిన పడుతుంది. 2009లో ఆ ఊరికి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. వెదురు వాళ్లదే అయింది. కానీ దాన్ని ఊరు దాటించాలంటే రవాణా అనుమతి పత్రం కావాలి, అది అటవీశాఖ చేతిలో ఉంది. వెదురు చెట్టా, గడ్డిజాతి మొక్కా అన్న వాదన అప్పట్లో పెద్దదే. చెట్టయితే అటవీశాఖ అదుపులో ఉంటుంది, కాకపోతే ఊరిది అవుతుంది. 1927 నాటి చట్టం చెట్టంది, 2006 చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది. హక్కు పత్రం ఇంట్లో ఉండగానే దాదాపు రెండేళ్లు గడిచాయి. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఆ ఊరికి వచ్చి, రవాణా పత్రాల పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. ఆ తర్వాత మెంధా లేఖా వెదురు బయటికి వెళ్లాలంటే పత్రం రాసి ఇచ్చేది మెంధా లేఖా గ్రామసభే.