బరువులెత్తితే ఆడపిల్ల పొడుగు ఎదగదా?

శ్రీకాకుళంలో పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతుంటాను. కొత్త పిల్ల వచ్చిందంటే చాలు, వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగేది ఒకటే. "పొడుగు ఎదగదంట కదా సార్, నిజమేనేటి?"

కాదమ్మా, అది అపోహే. చేతులూ కాళ్లూ పొట్టిగా ఉంటే బార్ నేల మీంచి తల పైకి వెళ్లే దూరం తగ్గుతుంది, అది కలిసొస్తుంది కాబట్టి పొట్టివాళ్లు ఈ ఆటలో ఎక్కువగా నిలబడతారు, మనం చూసి ఆటే వాళ్లను పొట్టి చేసిందనుకుంటాం. కోచ్ దగ్గరుండి ముందు కర్రతో, తర్వాత ఖాళీ బార్‌తో పద్ధతి నేర్పి, బరువు మెల్లగా పెంచితే ఎదుగుదల ఆగదు. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఎవరూ చూడనప్పుడు పందెం కాసి ఎత్తితే.

అపోహ: భారీ ఒళ్లుండాలి.
టర్కీ లిఫ్టర్ నయీమ్ సులేమానొగ్లు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో దిగి 190 కిలోలు తలపైకి ఎత్తాడు. తన బరువుకు మూడు రెట్లు దాటి!

అపోహ: జిమ్‌లో కండలు పెంచడం, పవర్‌లిఫ్టింగ్, మా ఆట అన్నీ ఒకటే.
పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ ఉంటాయి. మాకు స్నాచ్ (బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం), ఈ రెండే. ఒలింపిక్స్‌లో ఉన్నది మాదే.

అపోహ: బలం పుట్టుకతో రావాలి.
ఇది వింటే నాకు బాధేస్తుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు, కానీ ఆ బలం వెనక ఏళ్ల తరబడి చేసిన కుస్తీ, కసరత్తు ఉన్నాయి. మన ఊళ్లలో సంగిడి రాయి ఎత్తే కుర్రాళ్లను అడగండి, మొదటి రోజే ఎత్తినవాడు ఒక్కడుండడు.

ఇక కర్ణం మల్లేశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల, నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర నేర్చుకుంది. "ఒలింపిక్స్‌లో కంచుతోనే సరిపెట్టుకుంది కదా" అంటారు కొందరు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2000లో సిడ్నీలో, అంతకుముందే 1994, 1995లో ఆవిడ ప్రపంచ ఛాంపియన్. సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, జెర్క్ 130, మొత్తం 240. బంగారం 242.5 దగ్గర పోయింది, అంటే తేడా రెండున్నర కిలోలు! చివరి ప్రయత్నంలో బార్ మీద 137.5 పెట్టించింది, అది నిలిచి ఉంటే బంగారమే. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆవిడే, మన జిల్లా ఆడపిల్ల.

అపోహ: బలం పెంచే నిషేధిత మందులు వాడకపోతే మెడల్ రాదు.
విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదట వచ్చిన అమ్మాయి డోప్ పరీక్షలో దొరకడంతో సంతోషి కంచు వెండి అయింది. అందుకే మా పిల్లలకు గట్టిగా చెప్తాను, మామూలు మందులోనూ నిషేధించిన పదార్థం ఉండొచ్చు, దగ్గు మందైనా సరే, పోటీలున్నాయని డాక్టరుకు చెప్పి, నాకు చూపించాకే తాగాలి.