మైక్ టైసన్‌ను మరీ ఎక్కువ పొగుడుతున్నామా? ఒక బాక్సింగ్ కోచ్ చెప్పే అపోహలు - వాస్తవాలు

మా జిమ్‌లో చేరే కుర్రాళ్లలో చాలామంది ఫోన్‌లో టైసన్ నాకౌట్ వీడియోలు చూసే వస్తారు. "సార్, ఇలా కొట్టడం నేర్పండి" అంటారు. తోటి కోచ్‌లలో కొందరేమో "అదంతా హైప్, అనామకుల్ని కొట్టి పేరు తెచ్చుకున్నాడు" అని తీసిపారేస్తారు. ఏళ్లుగా ఈ రెండు మాటలూ వింటున్నాను. పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ చూసేది అతని పంచ్‌నే. ఆ పంచ్ పడటానికి ముందు అర సెకనులో ఏం జరిగిందో ఎవరూ చూడరు. టైసన్ గొప్పతనమూ, అది అంత త్వరగా అయిపోవడానికి కారణమూ ఆ అర సెకనులోనే ఉన్నాయని నా నమ్మకం.

అపోహ: టైసన్‌కి బలం తప్ప టెక్నిక్ లేదు.

వాస్తవం: అతని ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. అందరికన్నా బరువైన బాక్సర్ల తరగతి హెవీవెయిట్‌లో అది పొట్టి కిందే లెక్క. అతనితో తలపడిన టోనీ టక్కర్, టైరెల్ బిగ్స్ ఇద్దరూ 6 అడుగుల 5 అంగుళాల మనుషులు. అంత పొడుగు వాడు జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే పంచ్) విసురుతూ ఉంటే పొట్టివాడికి దగ్గరికి చేరడమే గగనం. చేరకపోతే ఎంత బలమున్నా దండగే.

అందుకే అతని గురువు కస్ డమాటో ముందు నేర్పింది తప్పించుకోవడం. పిడికిళ్లు రెండూ చెంపలకు ఆనించి పెట్టుకునే ఆ గార్డ్‌ని పీకబూ అంటారు. ఎదుటివాడి ఎడమ చేతి జాబ్ వస్తుంది. టైసన్ తల కుడి పక్కకు ఒరుగుతుంది, జాబ్ చెవి పక్కనుంచి పోతుంది. తల ఒరిగినప్పుడే ఒంటి బరువంతా కుడి కాలి మీదికి దిగుతుంది, మోకాలు వంగుతుంది. అంటే తప్పించుకోవడంలోనే కొట్టడానికి కావలసిన బిగువు తయారైపోయింది. ఇక అదే కాలి మీద లేస్తూ పక్కటెముకల మీద కుడి హుక్ (చేయి వంచి పక్కనుంచి కొట్టే పంచ్). దెబ్బకి ఎదుటివాడి మోచేయి కిందికి జారగానే అదే కుడి చేత్తో గడ్డం కింద అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే పంచ్). ఒకే చేత్తో వరసగా రెండు.

ఇదే మా కుర్రాళ్లతో చేయిస్తాను. ఊగే చిన్న స్లిప్ బ్యాగ్ ముందు నిలబెట్టి, "కొట్టొద్దు, తప్పించుకో చాలు" అంటాను. మూడు నిమిషాల రౌండ్‌లో రెండో నిమిషానికే తొడలు వణుకుతాయి, తల కదలడం ఆగిపోతుంది, బ్యాగ్ వచ్చి ముఖానికి తగులుతుంది. టైసన్ పద్ధతి ఎంత ఖరీదైనదో అప్పుడు అర్థమవుతుంది.

అపోహ: అతను గెలిచింది అనామకుల మీదా, ముసలివాళ్ల మీదా.

వాస్తవం: 1986 నవంబర్ 22న ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లో ఓడించి, 20 ఏళ్లకే ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ టైటిల్ ఇప్పటిదాకా ఎవరూ గెలవలేదు. 1987 ఆగస్టుకల్లా మూడు ప్రధాన బాక్సింగ్ సంస్థల చాంపియన్ బెల్టులూ అతని దగ్గరే ఉన్నాయి.

మాజీ హెవీవెయిట్ చాంపియన్ లారీ హోమ్స్ సంగతికి వద్దాం. 1988 జనవరిలో టైసన్ అతన్ని నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. అప్పటికి హోమ్స్‌కి 38 ఏళ్లు, 21 నెలలుగా రింగ్ ఎక్కలేదు. ఇది నిజమే, దాచనక్కర్లేదు. కానీ అదే హోమ్స్ నాలుగేళ్ల తర్వాత ఒలింపిక్ స్వర్ణం గెలిచిన రే మెర్సర్‌ను ఓడించాడు. ఇవాండర్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడ్డాడు. మొత్తం 75 ఫైట్లలో హోమ్స్‌ను నిర్ణీత రౌండ్లు పూర్తికాకుండా ఓడించింది టైసన్ ఒక్కడే. దీన్ని "ముసలివాణ్ణి కొట్టాడు" అని తేల్చేయడం అన్యాయం.

అదే ఏడాది జూన్‌లో మైకేల్ స్పింక్స్ పని 91 సెకన్లలో ముగిసింది. అప్పటిదాకా స్పింక్స్‌కి ఓటమి లేదు. అయితే స్పింక్స్ కింది బరువు తరగతి నుంచి పైకి వచ్చినవాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: టోక్యోలో టైసన్ మీద బస్టర్ డగ్లస్ గెలుపు గాలివాటం.

వాస్తవం: 1990 ఫిబ్రవరి 11 నాటి ఆ ఫైట్‌ను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదటి రౌండ్ నుంచే తేడా తెలిసిపోతుంది. టైసన్ తల కదలడం లేదు. జాబ్ వెనకాల దూరిపోవాల్సినవాడు నిటారుగా నిలబడి ఒక్కొక్క పంచే విసురుతున్నాడు. డగ్లస్ చేతుల చాపు టైసన్ కన్నా దాదాపు ఒక అడుగు ఎక్కువ. కదలని తల దొరికితే అంత పొడవు జాబ్‌కి పండగే.

కార్నర్ (రౌండ్ల మధ్య బాక్సర్‌ను చూసుకునే బృందం) పని అంతకన్నా బాధాకరం. వాచిన కంటిని అదిమి చల్లబరిచే లోహపు పనిముట్టు ప్రతి కార్నర్‌లోనూ ఉండాలి. ప్రపంచ చాంపియన్ కార్నర్‌లో ఆ రోజు అది లేదు. రబ్బరు గ్లవ్‌లో ఐస్ నీళ్లు పోసి కంటికి పెట్టారు. కోచ్‌గా ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఎనిమిదో రౌండ్‌లో డగ్లస్ పడినప్పుడు, రిఫరీ పది వరకు పెట్టే లెక్క నెమ్మదిగా సాగిందని ఇప్పటికీ వాదిస్తారు. బాక్సర్ లేవాల్సింది రిఫరీ లెక్క విని. డగ్లస్ తొమ్మిదికి లేచాడు. పదో రౌండ్‌లో టైసన్ నేల మీద పాకుతూ మౌత్‌గార్డ్ వెతుక్కుని దాన్ని వంకరగా నోట్లో పెట్టుకున్న తీరు చూశాక గాలివాటం అన్న మాట నా నోట రాదు.

అపోహ: జైలుకి వెళ్లకపోయి ఉంటే అందరిలోకీ గొప్పవాడయ్యేవాడు.

వాస్తవం: తేదీలు చూడండి. డమాటో 1985లోనే చనిపోయారు. ఆయన పద్ధతిని కొనసాగించిన కోచ్ కెవిన్ రూనీని టైసన్ 1988 చివర్లో వదులుకున్నాడు. డగ్లస్ చేతిలో ఓటమి 1990లో. అత్యాచారం కేసులో శిక్ష పడింది 1992లో. అంటే జైలుకి రెండేళ్ల ముందే ఆట దెబ్బతింది. తల కదిలించడం రోజూ చేయాల్సిన పని, పక్కన నిలబడి గద్దించేవాడు ఉండాలి. ఆ కేసును అతని కెరీర్‌కి పట్టిన దురదృష్టంగా చెప్పుకోవడం కూడా తప్పు. అక్కడ అన్యాయం జరిగింది ఒక అమ్మాయికి.

అపోహ: 2024లో యూట్యూబర్ నుంచి బాక్సర్ అయిన జేక్ పాల్ చేతిలో ఓడి పరువు పోగొట్టుకున్నాడు.

వాస్తవం: 58 ఏళ్ల మనిషి, రెండు నిమిషాల రౌండ్లు. దాంతో 1988 నాటి టైసన్‌ను కొలవలేం.

అపోహ: ఆల్‌టైమ్ నంబర్ వన్ టైసనే.

వాస్తవం: ఇక్కడ మాత్రం పొగడ్త హద్దు దాటింది. జో లూయిస్ తన టైటిల్‌ను 25 సార్లు నిలబెట్టుకున్నాడు, టైసన్ మొదటి విడతలో 9 సార్లు. డగ్లస్, హోలీఫీల్డ్, లెనాక్స్ లూయిస్ అతన్ని కింద పడేశారు, ముగ్గురి చేతిలోనూ ఓడాడు. ఒకసారి పడ్డాక లేచి గెలిచిన ఫైట్ అతని కెరీర్‌లో ఒక్కటీ లేదు. అలీ, హోమ్స్, హోలీఫీల్డ్ నాక్‌డౌన్ నుంచి తేరుకున్నారు, తేరుకుని గెలిచారు. నా లిస్టులో టైసన్ వీళ్ల తర్వాతే. కానీ ఒక్క రాత్రికి నా బాక్సర్‌ను ఎవరి ముందుకైనా పంపాల్సి వస్తే, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే పేరు 1988 జూన్ నాటి టైసన్‌దే.